బొమ్మ ఆగిన చోట పాట

లేపాక్షి బసవయ్య లేవడు. ఒకే రాతిలో మలిచిన నంది. పొడవు దాదాపు 27 అడుగులు, ఎత్తు 15 అడుగులు. మెడ నిండా గంటలు, పట్టెడలు. కాళ్లు ముడుచుకుని, మోర ఎత్తి, వీరభద్రస్వామి గుడివైపు చూస్తూ విజయనగర రాజుల కాలం నుంచి అదే తీరున కూర్చుని ఉన్నాడు. పెద్దమండ్యం నుంచి కదిరి మీదుగా హిందూపురం దారి పట్టినవాళ్లు ఆగి చూసే విగ్రహమే అది. దాని మీద అడివి బాపిరాజు కట్టిన పాటను బళ్లలోనూ రేడియోలోనూ లలితగీతంగా తరాల పాటు పాడుకున్నారు. ఆ పాట బలమంతా ఒక్క పనిలో ఉంది. లేవలేనివాణ్ణి లేచి రమ్మని పిలుస్తుంది. లేవడం, కదలడం, రంకె వేయడం అనేవి రాయి ఏ ఉలికీ లొంగి చేయలేని పనులు. పాట వాటినే ఏరుకుంది. నగల నగిషీని వర్ణించడానికి కూర్చుని ఉంటే శిల్పి ముందు కవి ఓడిపోయేవాడు, ఎందుకంటే ఆ నగిషీ శిల్పి అప్పటికే చేసి పెట్టేశాడు. బొమ్మ చూసి పుట్టిన పాటల్లో ఏది నిలుస్తుంది, ఏది నిలవదు అన్న ప్రశ్నకు నాకు తోచే జవాబు ఇక్కడే దొరుకుతుంది. బొమ్మలో ఉన్నదాన్ని మళ్లీ చెప్పే పాటకు ఆయుష్షు తక్కువ. బొమ్మ తన స్వభావం కొద్దీ వదిలేయక తప్పనిదాన్ని, అంటే చప్పుడును, ముందువెనకలను, పిలుపును, పలుకును పట్టుకున్న పాట బొమ్మ పక్కన తలెత్తుకుని నిలబడుతుంది.

మాట చిత్రం గురించి, ఉదాహరణ శిల్పం గురించి అని ఎవరైనా అడ్డు తగలవచ్చు. అడగవలసిన ప్రశ్నే. రంగుకూ రాయికీ చాలా తేడా ఉంది, కానీ పాట కట్టేవాడికి ఆ తేడా పెద్దగా పట్టదు. రెండూ ఆగిపోయినవే, రెండూ మూగవే. పైగా ఈ పాట కట్టినవాడు స్వయానా చిత్రకారుడు. బాపిరాజు రాజమండ్రిలో కూల్డ్రే దొర శిష్యుడు, దామెర్ల రామారావుకు సహాధ్యాయి. తర్వాత బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార్ చటోపాధ్యాయ దగ్గర బెంగాలు ఫక్కీలో కుంచె పట్టడం నేర్చుకున్నాడు. సినిమాలకు కళాదర్శకత్వం చేశాడు, నవలలు రాశాడు, శశికళ అనే ఊహాసుందరి చుట్టూ బొమ్మలూ పాటలూ రెండూ అల్లాడు. నందిని గీయాలంటే గీయగలిగినవాడు గీయడంతో సరిపెట్టుకోక పాట కట్టాడంటే, గీతకు అందనిది అక్కడ ఏదో కనబడి ఉండాలి. అదే కాలంలో మదనపల్లె థియొసాఫికల్ కళాశాల ప్రిన్సిపాల్‌గా ఉన్న జేమ్స్ కజిన్స్ కూడా ఈ బెంగాలు చిత్రకళకు దక్షిణాదిన పెద్ద ప్రచారకుడు. మైసూరులోనూ తిరువనంతపురంలోనూ చిత్రశాలలు ఏర్పడటంలో ఆయన పాత్ర ఉంది. ఆయన భార్య మార్గరెట్ 1919లో మదనపల్లెలోనే రవీంద్రుడి ‘జనగణమన’కు స్వరం రాసిపెట్టింది. బొమ్మల మనిషీ స్వరాల మనిషీ ఒకే ఇంట్లో ఉన్న ఊరు అది. ఈ ప్రాంతానికి ఈ విషయం మరీ పరాయిదేమీ కాదు.

బొమ్మ నుంచి పాట అనగానే తెలుగు శ్రోతకు ముందు గుర్తొచ్చేవి సినిమా పాటలు. 1979లో వచ్చిన ‘రావణుడే రాముడైతే’లో వేటూరి రవివర్మ పేరుతోనే పల్లవి ఎత్తుకున్నాడు. 2013లో ‘అత్తారింటికి దారేది’కి రామజోగయ్య శాస్త్రి ‘బాపుగారి బొమ్మో’ రాస్తే దేవిశ్రీ ప్రసాద్ బాణీలో శంకర్ మహదేవన్ పాడాడు. రెండూ ఊరూరా మోగినవే. అయితే వాటిలో బొమ్మ ఎక్కడుంది? రవివర్మ వేసిన దమయంతా, శకుంతలా, బాపు వేసిన ఫలానా జడా? ఏ ఒక్క చిత్రమూ కాదు. చిత్రకారుడి పేరే అక్కడ అందానికి కొలబద్ద. పిల్ల ఆ కొలతకు సరిపోయిందనో, ఆ కొలతను మించిందనో చెప్పడం పాట పని. ఇవి బొమ్మకు పుట్టిన పాటలు కావు, బొమ్మకు వచ్చిన పేరుకు పుట్టినవి. అలాగని వాటిని కొట్టిపారేయను. రవివర్మ 1894లో బొంబాయిలో అచ్చుయంత్రం పెట్టి దేవతల బొమ్మలను గోడగోడకూ చేర్చి ఉండకపోతే, బాపు దశాబ్దాల పాటు వారపత్రికల్లో గీసి ఉండకపోతే, ఆ పేర్లు పల్లవిలో పడగానే వినేవాడి కళ్లముందు ఏదీ మెదిలేది కాదు. పాట ఆ మెదలడం మీద బతికింది. అంతకు మించి బొమ్మను అది ఏమీ అడగలేదు. ఇదే కోవలో 1950లో అమెరికాలో ఇవాన్స్, లివింగ్‌స్టన్ రాయగా నాట్ కింగ్ కోల్ పాడిన ‘మోనాలిసా’ ఒక మెట్టు పైన ఉంటుంది. అక్కడా ఒకమ్మాయిని చిత్రంతో పోల్చడమే, కానీ పోల్చి ఊరుకోలేదు. ఆ నవ్వు వెనక ఏముందని అడిగింది. డావిన్సీ నవ్వును వేశాడు, కారణాన్ని వేయలేదు. ఆ కారణం గురించిన ఆరా పాటకు ప్రాణమైంది, ఆ ఏటి సినిమా పాటల్లో ఆస్కార్ కూడా దానికే దక్కింది.

చిత్రం పాటగా మారడానికి లోకం ఎక్కువగా చూపించే సాక్ష్యం డాన్ మెక్లీన్ ‘విన్సెంట్’. వాన్ గో 1889 జూన్‌లో ఫ్రాన్సులోని సాన్ రెమీ మానసిక చికిత్సాలయంలో ఉండగా వేసిన ‘నక్షత్రాల రాత్రి’ దానికి మూలం. 1941 నుంచి ఆ చిత్రం న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో ఉంది. మెక్లీన్ పాట 1971లో ‘అమెరికన్ పై’ ఆల్బమ్‌లో వచ్చింది, మరుసటి ఏడు బ్రిటన్‌లో మొదటి స్థానానికి ఎక్కింది. చిత్రంలో ఏముంది? సుడులు తిరిగే ఆకాశం, నిద్రపోతున్న పల్లె, నల్లటి సైప్రస్ చెట్టు. మనిషన్నవాడు కనిపించడు. ఆ రాత్రిని చూస్తున్నవాడు, అంటే గీసినవాడు, చిత్రంలో ఉండే వీలే లేదు. మెక్లీన్ సరిగ్గా ఆ ఖాళీలోకి అడుగుపెట్టాడు. పాట మొత్తం చిత్రకారుడితో మాట్లాడుతుంది, అదీ ఆయన తన బొమ్మల మీద సంతకం చేసుకున్న చిన్నపేరుతో. రంగులు వస్తాయి, పొలాలు వస్తాయి, ఆయన వేసిన ముఖాలు వస్తాయి, కానీ అవన్నీ ఆ మనిషితో మాట కలపడానికి దొరికిన ఆనవాళ్లు. కట్టుబడి కూడా గమనించదగ్గది. నక్షత్రాల మాట మళ్లీ మళ్లీ తిరిగి వస్తుంది, మధ్యలో ఒక జీవితం గడిచిపోతుంది. మన పల్లవి, చరణం కూడా ఇలా పని చేస్తాయి. పల్లవి చిత్రంలా కదలకుండా ఒకచోట ఉండి తిరిగి తిరిగి కనిపిస్తుంది. చరణం ఆ చిత్రానికి లేని కాలాన్ని తెచ్చి పోస్తుంది. పాట అనే రూపంలోనే ఆగినదానికీ సాగేదానికీ చెరో గది ఉంది కాబట్టి బొమ్మకు కథ కన్నా, నవల కన్నా పాట దగ్గరి చుట్టం.

దీనికి గట్టి అభ్యంతరం ఉంది. మెక్లీన్ ఆ పాట రాసింది వాన్ గో జీవితచరిత్ర చదివాక. అలాంటప్పుడు పాటకు మూలం పుస్తకం కాదా, బొమ్మ వట్టి సాకు కాదా అనవచ్చు. పుస్తకం వాస్తవాలు ఇచ్చింది, సందేహం లేదు. వాన్ గో పిచ్చివాడు కాదు, బాధ పడ్డవాడు అన్న వాదం బొమ్మలో దొరకదు. కానీ జీవితచరిత్ర నుంచి నేరుగా పాట కడితే పుట్టిన ఊరు, తమ్ముడి ఉత్తరాలు, కోసుకున్న చెవి, 37 ఏళ్లకే చావు అంటూ బుర్రకథలా వరసగా సాగాలి. పాట అలా సాగలేదు. ఏ రంగు ముందు, ఏది తర్వాత, ఎక్కడ ఆగి మళ్లీ ఆకాశంలోకి చూడాలి అన్న వరసను బొమ్మ ఇచ్చింది. పుస్తకంలోని వందల పేజీలను నాలుగు నిమిషాలకు కుదించే ధైర్యం కూడా బొమ్మే ఇచ్చి ఉండాలి. ఎందుకంటే ఆ కుదింపును చిత్రకారుడు ముందే చేసి చూపించాడు. పుస్తకం సమాచారమైతే చిత్రం దాన్ని జల్లించిన జల్లెడ.

నా వాదానికి ఎదురుగా నిలిచే ఉదాహరణ మరొకటుంది, దాన్ని దాటవేస్తే నిజాయితీ కాదు. 1967 జనవరిలో జాన్ లెనన్ ఇంగ్లండులో సెవెనోక్స్ అనే ఊళ్లో పాత వస్తువుల దుకాణంలో ఒక సర్కస్ పోస్టరు కొన్నాడు. 1843 నాటి పాబ్లో ఫాంక్ సర్కస్‌ది. అందులోని మనుషుల పేర్లు, విన్యాసాలు, గుర్రం, అన్నిటినీ కొద్దిపాటి మార్పులతో తీసుకుని బీటిల్స్ ‘సార్జెంట్ పెప్పర్స్’ ఆల్బమ్‌లో మిస్టర్ కైట్ పాట చేశాడు. ఉన్నదాన్ని ఉన్నట్టు దించాడన్నమాట. ఉన్నదాన్ని తిరిగి చెప్పే పాట నిలవదని కదా నేనన్నది, మరి ఇది ఎలా నిలిచింది? జవాబు మాటల్లో లేదు, రికార్డింగులో ఉంది. లెనన్‌కు కావలసింది సర్కస్ డేరా లోపలి రొద. నిర్మాత జార్జ్ మార్టిన్ పాత ఆవిరి ఆర్గన్ల ధ్వనులున్న టేపులను ముక్కలు ముక్కలుగా కత్తిరించి, గాల్లోకి ఎగరేసి, ఎలా పడితే అలా ఏరి అతికించాడు. కొన్ని ముక్కలు తలకిందులుగా పడ్డాయి. తిరనాళ్లలో నాలుగు దిక్కుల నుంచీ నాలుగు మేళాలు ఒకేసారి చెవిన పడితే ఎలా ఉంటుందో అలా తయారైంది. పోస్టరులో అన్నీ ఉన్నాయి, చప్పుడు ఒక్కటే లేదు. ఆ ఒక్కటి వాళ్లు కలిపారు. లోపించినదాన్ని పూరించే పని మాటే చేయాలని నియమం లేదు, బాణీ చేయవచ్చు, వాద్యం చేయవచ్చు. చనిపోయిన స్నేహితుడు హార్ట్‌మన్ చిత్రాల ప్రదర్శన మీద ముసోర్గ్‌స్కీ 1874లో పియానో కృతి కట్టినప్పుడు చిత్రాలతో పాటు వాటి మధ్య నడిచే మనిషి నడకకు కూడా ఒక స్వరం పెట్టాడు. గోడ మీది బొమ్మల్లో ఆ నడక లేదు.

కొన్నిసార్లు పాట బొమ్మ నుంచి తీసుకునేది తెగువ మాత్రమే. కోల్డ్‌ప్లే బృందం 2008 పాట ‘వివా లా విడా’ పేరు ఫ్రీడా కాలో 1954లో వేసిన పుచ్చకాయల చిత్రం మీది రాత. జీవితం వర్ధిల్లాలని ఆ ఎర్రటి ముక్క మీద రాసిన మనిషి అప్పటికి ఒళ్లంతా నొప్పులతో మంచాన ఉంది, అదే ఏడు కన్నుమూసింది. పాటలో పుచ్చకాయ లేదు, ఫ్రీడా లేదు, సింహాసనం పోయిన రాజు ఉన్నాడు. దీన్ని చిత్రం నుంచి పుట్టిన పాట అనాలా అంటే నేను సగమే ఒప్పుకుంటాను.

ఇదంతా పడమటి వాళ్ల ముచ్చట, మన దగ్గర పాట నుంచి బొమ్మ పుడుతుంది గానీ బొమ్మ నుంచి పాట కాదు అనేవాళ్లున్నారు. వాళ్ల చేతిలో రాగమాల చిత్రాలున్నాయి. రాగానికి ధ్యానశ్లోకం, శ్లోకానికి బొమ్మ. హైదరాబాదు దక్కనీ చిత్రకారులూ వాటిని వేశారు. అది నిజమే, కానీ సగం నిజం. రెండో సగం చేర్యాల పటాల్లో ఉంది. నకాషీలు ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి పట్టించి, ఎర్రటి నేల మీద కథను అడ్డవరసలుగా వేసి, పదుల అడుగుల పొడవున చుట్ట చుట్టి ఇస్తే, దాన్ని విప్పుతూ పాడే కులాలు వేరే ఉన్నాయి. కాకిపడగలవాళ్లు ముదిరాజులకు పాండవుల కథ, కూనపులివాళ్లు పద్మశాలీలకు మార్కండేయ పురాణం, గౌడజెట్టివాళ్లు గౌడులకు గౌడ పురాణం, డక్కలివాళ్లు మాదిగలకు జాంబ పురాణం. ఇక్కడ బొమ్మే పాటకు తాళం వేస్తుంది. పటం ఎంత విప్పితే కథ అంతవరకే, ఆ వరస అయ్యేదాకా తర్వాతి వరస కనబడదు. కథకుడు కర్ర పెట్టి చూపించేది రాజును, కానీ పాడేది రాజు వేషాన్ని కాదు. అది అందరికీ కనబడుతూనే ఉంది. రాజు అన్న మాటను, దానికి రాణి ఇచ్చిన బదులును, ఆ రాత్రి కురిసిన వానను పాడతాడు. గుడ్డ మీద నోరు మూసుకుని ఉన్నవాళ్లందరికీ అతనొక్కడే గొంతు. శ్రీకాళహస్తి కలంకారీలో మధ్యన పెద్ద ఘట్టం, చుట్టూ వరసలుగా కథ, వరస వరసకూ తెలుగులో రాత ఉండటం కూడా ఈ అవసరం నుంచి వచ్చిందే. పాత తెలుగు కావ్యం క్రీడాభిరామంలో ఓరుగల్లు వీధులు చూడబోతే పల్నాటి వీరుల కథ పాడటమూ ఉంది, మాచల్దేవి చిత్రశాలా ఉంది. ఒకే నగరంలో ఒకే పూట అవి రెండూ తెలుగువాడికి ఎదురయ్యాయి.

చిత్తూరు సీమ వాళ్లకు ఇంకా దగ్గరి సాక్ష్యం ఉంది. లేపాక్షి గుడి మండపాల కప్పు నిండా ఆ గుడి కట్టించిన విరూపణ్ణ కాలపు చిత్రాలు. గార మీద ఎర్రమట్టి, పసుపు, ఆకుపచ్చ, నలుపు. వాటిలో కిరాతార్జునీయం ఒక ఘట్టం. పంది దూసుకొస్తోంది, ఒక పక్క ఎరుకలవేషంలో శివుడు, మరో పక్క అర్జునుడు, ఇద్దరి బాణమూ దాని మీదే. చిత్రకారుడు ఆ ఒక్క క్షణాన్ని పట్టుకున్నాడు, అంతకన్నా పదునైన క్షణం ఆ కథలో లేదు కూడా. ఇదే కథను కుప్పం, పుంగనూరు చుట్టుపక్కల ధర్మరాజు గుళ్ల దగ్గర భారతం జరిగే రోజుల్లో చూడండి. పగలు హరికథ, రాత్రి నాటకం. ఒకనాడు అర్జునుడి తపస్సు. నిలువెత్తుకు ఎన్నో రెట్లున్న తపస్సు మాను నాటి, వేషగాడు పద్యం పాడుతూ ఒక్కో మెట్టూ ఎక్కుతాడు. కింద బిడ్డల కోసం మొక్కుకున్న ఆడవాళ్లు తడిబట్టలతో కాచుకుని ఉంటారు. పైకి చేరాక అతను విసిరే నిమ్మకాయ, పువ్వు, విభూతి కొంగులో పడాలని. పంది లేదు, బాణం లేదు, ఆ గొడవకు ముందున్న నిరీక్షణ మాత్రమే ఉంది. లేపాక్షి కప్పు చూసి ఆ పద్యాలు పుట్టాయని నేననడం లేదు. రెండింటి మధ్య తాడు కట్టే ఆధారం ఏదీ లేదు. కానీ ఒకే కథలో చిత్రం ఏ ముక్క కోసుకుందో, పాట ఏ ముక్క కోసుకుందో పక్కపక్కన పెట్టి చూస్తే పని పంపకం స్పష్టంగా కనబడుతుంది. చిత్రానికి దక్కింది రెప్పపాటు. పాటకు దక్కింది గంటల తరబడి ఎక్కడం.

అదే లేపాక్షి కప్పు మీద వటపత్రశాయి ఉన్నాడు. ఎటు నిలబడి చూసినా మనల్నే చూస్తున్నట్టు ఉంటాడని గైడ్లు చెబుతుంటారు. ఆ మాట సంగతి ఎలా ఉన్నా, ఆ బొమ్మ తంజావూరు పలకల మీద, క్యాలెండర్ల మీద, పూజగదుల్లో అందరికీ పరిచయమైనదే. మర్రాకు, దాని మీద పసివాడు, నోట్లో కాలి బొటనవేలు, చుట్టూ ప్రళయజలం. ఎన్నిసార్లు చూసినా తట్టని సంగతి ఒకటుంది. ఆ పిల్లవాడి దగ్గర ఎవరూ లేరు. ఉండటానికి వీల్లేదు, లోకమంతా మునిగిపోయింది. 1986లో ‘స్వాతిముత్యం’ కోసం సినారె రాయగా ఇళయరాజా బాణీలో సుశీల పాడిన లాలిపాట పల్లవిలోనే ఈ వటపత్రశాయి పేరు వస్తుంది. లాలిపాట అంటేనే ఊయల ఊపే చెయ్యి ఒకటి ఉండాలి, పాడే తల్లి ఒకతె ఉండాలి. బొమ్మలో లేని ఆ ఒక్క మనిషిని పాట తెచ్చి పక్కన కూర్చోబెట్టింది. సినారె ఏ బొమ్మ ముందు కూర్చుని రాశాడో లెక్క తేల్చనక్కర్లేదు. తెలుగు ఇళ్లలో అంతగా పాతుకుపోయిన బొమ్మ కాకపోతే ఆ పేరు లాలిపాటలో అంత సులువుగా ఒదిగేది కాదు. వినేవాళ్లలో ఎవరూ వటపత్రశాయి ఎవరని అడగలేదు. పాటకు ఏ బొమ్మ పనికొస్తుందన్న ప్రశ్నకు ఇందులో కొంత జవాబుంది. గొప్ప బొమ్మే కానక్కర్లేదు, అందరూ చూసి చూసి చూడటం మానేసిన బొమ్మ ఇంకా మంచిది.

వర్ణన అసలు పనికే రాదా అంటే, వస్తుంది. దానికో షరతు ఉంది. 1962 ‘మంచి మనసులు’లో ఘంటసాల పాడిన శిల్పాల పాట హంపీలో తీశారు. అందులో రాతిరథాన్నీ స్తంభాలనూ వర్ణించడం తప్ప మరో పనే ఉన్నట్టు కనబడదు. కానీ పాడేది ఎవరికి? చూపు లేని భార్యకు. ఆ ఒక్క ఏర్పాటుతో వర్ణనకు కారణం దొరికింది. లోపం ఇక్కడ శిల్పంలో లేదు, వినేమనిషి కళ్లలో ఉంది. ఆ కళ్లకు బదులుగా పాట నిలబడింది. అదే పాటను చూపున్న అమ్మాయికి పాడి ఉంటే పర్యాటక శాఖ ప్రకటనలా తేలిపోయేది. ఒకరకంగా రేడియోలో పాట వినే ప్రతివాడూ ఆ చూపు లేని శ్రోతే కాబట్టి, సినిమా చూడని వాళ్లకు కూడా అది పట్టింది.

సినిమా పాటల మాట వచ్చింది కాబట్టి వృత్తిలో ఉన్నవాళ్లు చెప్పే కష్టం కూడా వినాలి. ముందు బాణీ వస్తుంది, తర్వాత దర్శకుడు సందర్భం చెబుతాడు, రెండు రోజుల్లో పల్లవి కావాలంటాడు. ఈ ఒత్తిడిలో బొమ్మ ముందు కూర్చుని దాని ఖాళీలు వెతికే తీరిక ఎవరికుంది? రవివర్మ పేరో బాపు పేరో వేస్తే సగం పని అయిపోతుంది. ఈ వాదనలో నిజం లేకపోలేదు, కొలబద్ద పాటలు ఎక్కువగా పుట్టడానికి ఇదే కారణం కావచ్చు. కానీ సందర్భం చెప్పడం అంటేనే ఒక దృశ్యం గీసి చూపడం. బాపు తన సినిమాలకు ఫ్రేము ఫ్రేమూ ముందే కాగితం మీద బొమ్మ వేసుకునేవాడని పరిశ్రమ అంతటికీ తెలుసు. మిగతా దర్శకులు ఆ పని నోటితో చేస్తారు. పాట రాసేవాడు ఎటూ ఒక బొమ్మ నుంచే మొదలుపెడుతున్నాడు. ఆ బొమ్మలో హీరో ఏం వేసుకున్నాడు, వెనక కొండ ఉందా సముద్రముందా అని రాసుకుంటూ పోతే అవి ఎటూ తెర మీద కనబడేవే. కనబడేదాన్ని మళ్లీ వినిపించే పాటలు మనకు కొల్లలుగా ఉన్నాయి, శుక్రవారం పుట్టి ఆదివారానికి పోతున్నాయి. వాటికి సమయం చాలకపోవడం కన్నా ప్రశ్న తప్పు కావడమే జబ్బు అని నా అభిప్రాయం.

చివరగా చిత్రకళ పక్షాన ఒక ఫిర్యాదు ఉంది, అది తేలిగ్గా తీసేయదగ్గది కాదు. హిట్టయిన పాట బొమ్మను కబ్జా చేస్తుంది. మెక్లీన్ పాట విన్నాక ‘నక్షత్రాల రాత్రి’లో జాలి తప్ప మరేదీ చూడలేనివాళ్లు లక్షల్లో ఉంటారు. ఆ నీలిమలోని ఉత్సాహం, దాదాపు గెంతులేస్తున్న ఆ కుంచె వాళ్లకు కనబడవు. బసవయ్య పాట విన్నవాళ్లు ఆ నందిలోని ప్రశాంతతను చూడటం మానేసి, ఎప్పుడు లేస్తాడా అని చూడవచ్చు. ఈ నష్టం ఉంది. పాట ఎంత బాగుంటే నష్టం అంత ఎక్కువ. దీనికి విరుగుడు ఒకే బొమ్మకు పాటలు ఎక్కువ కావడమే గానీ లేకపోవడం కాదు. పటం కథకులు ఒకే బొమ్మ ముందు రాత్రికో తీరుగా పాడినప్పుడు బొమ్మ ఎవరికీ సొంతం కాలేదు.

బొమ్మలో లేనిదాన్ని పాట పట్టుకోగలదా అన్న పరీక్షకు నేనైతే రవీంద్రుడి బొమ్మలను ఎంచుకుంటాను. మదనపల్లెలో తన పాటకు స్వరం రాయించుకున్న 1919 నాటికి ఆయన ఇంకా చిత్రకారుడు కాడు. తర్వాతి ఏళ్లలో రాతప్రతుల్లో కొట్టివేతలను కలుపుకుంటూ పోతే అవి పక్షులయ్యాయి, జంతువులయ్యాయి, ముఖాలయ్యాయి. 1930లో పారిస్‌లో ప్రదర్శన పెట్టే నాటికి అవి వందల్లో ఉన్నాయి. వేల పాటలకు మాటలు కట్టిన మనిషి ఆ బొమ్మల్లో చాలావాటికి పేరు కూడా పెట్టలేదు. కోలముఖం, బరువైన కళ్లు, తల మీద ముసుగు, ఎవరో తెలియని ఆడమనిషి. నందికి కైలాసం ఉంది, వటపత్రశాయికి ప్రళయం ఉంది, విన్సెంటుకు జీవితచరిత్ర ఉంది. ఈమెకు ముందూ లేదు, వెనకా లేదు. తెలుగులో ఆమె మీద పాట కట్టడానికి కూర్చునేవాళ్లు అక్కా అనాలో, అమ్మా అనాలో, ఏమే అనాలో పల్లవికి ముందే తేల్చుకోవాలి. చరణాలు ఆ పిలుపును బట్టే వస్తాయి.